వరుస కుదరలేదు

కోదాడలో ఆమె పాడె లేచే ముందు గొడవైంది. కాకపోతేనే నాకు ఆశ్చర్యమయ్యేది.

నేనూ నా తమ్ముడు లింగయ్యా మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా బస్సులో పోయేసరికి శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. ముఖం కనపడకుండా గుడ్డ కట్టారు. సూర్యాపేట దాటినాక హైవే మీద ఒక లారీ ఆమె స్కూటీకి అడ్డం వచ్చిందట. బండి పక్కన పెట్టి, ఆ డ్రైవరును కొట్టడానికి రోడ్డు దాటుతుంటే వెనక నుంచి ఇంకో లారీ గుద్దింది. ఈ ముక్క విన్నవాళ్ళంతా అయ్యో అన్నారు. ఆమె ఇంకెట్లా పోతుంది అనుకున్నాను నేను.

పాడె ఎత్తే వేళకు లింగయ్య చొక్కా విప్పి ముందుకు పోయాడు. ఆమె అన్న అడ్డం నిలబడ్డాడు.

"ఎవరయ్యా నువ్వు? ఏం వరుస అవుతావ్?"

లింగయ్య పాడె కట్టె మీద చెయ్యి వేశాడు.

"నిన్నే. ఏ వరుసా లేనోడివి భుజం పెడతావేంది?"

"మిర్యాలగూడ మిల్లుల..." అన్నాడు లింగయ్య.

"మిల్లోళ్ళ మూలానే కదయ్యా దాని బతుకంతా పోట్లాటల్లో పోయింది!" అని రొమ్ము మీద ఒక్క తోపు తోశాడు. తమ్ముడు వెల్లకిలా పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయి నెత్తురు కారింది. మాతో వచ్చిన మిల్లు హమాలీలు ఊరుకుంటారా? ఒకడు ఆ అన్న గల్లా పట్టాడు, ఇంకొకడు కట్టె అందుకున్నాడు. డప్పులు ఆగిపోయాయి. పెద్దమనుషులు మధ్యలో పడి, దెబ్బలు తిని, విడదీశారు. చివరికి లింగయ్యకు పాడె వెనక మూల దొరికింది. నలుగురు కొట్టుకున్నాకే ఆమె లేచింది.

వరుస అడగడం తప్పని అనను. మా దిక్కున ఇద్దరు కొత్త మనుషులు బస్సులో పక్కపక్కన కూర్చుంటే ముందు ఊరు, తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత ఎవరి పిల్లను ఎవరికిచ్చారో తవ్వుతారు. వరుస తేలిందాకా మాట ముదరదు. బావ అని తేలితే తిట్టొచ్చు. మరదలు అని తేలితే పరాచకమాడొచ్చు. అదే పరాచకం చెల్లెలి వరుసయ్యే మనిషితో ఆడితే పళ్ళు రాలుతాయి. మాట అదే, మార్పేం లేదు. అవతల మనిషి ఎవరన్నదాన్ని బట్టి దాని అర్థం తిరగబడుతుంది.

ఆమె కూడా బతికినన్నాళ్ళూ అదే అడిగింది. కాకపోతే కంప్యూటర్లను అడిగింది.

నేను వేములపల్లి దారిలో ఒక రైసు మిల్లులో బాయిలరు మనిషిగా ఉండేవాణ్ణి. ఊక వేసి మంట పెట్టి ఆవిరి తయారు చేయడం నా పని. అది ఉప్పుడు బియ్యం మిల్లు. ఇల్లంత ఇనప ట్యాంకుల్లో వడ్లు నానబోసి, లోపలికి ఆవిరి వదిలి ఉడికిస్తారు. అడుగున గడ్డకట్టిన వడ్లను గీకడానికి మనిషి ట్యాంకులోకి దిగుతాడు. మా మిల్లులో దిగేది లింగయ్య. ఒకప్పుడు ఆవిరి వాల్వులు చేత్తో తిప్పేవాళ్ళం. తర్వాత మిల్లు సేటు కంప్యూటరు పెట్టించాడు. దాని ప్రోగ్రాం రాయడానికి కోదాడ నుంచి ఈమెను పిలిపించాడు.

పొట్టి, లావు మనిషి. పెద్ద పెద్ద చేతులు, మగవాడివి తెచ్చి అతికించినట్టు. దుమ్ముకు ముక్కు చుట్టూ చున్నీ బిగించి కట్టేది. స్కూటీ డిక్కీలో లాప్‌టాప్ పక్కన ఒక పెద్ద పానా పెట్టుకుని తిరిగేది. ప్రోగ్రాం రాసే మనిషికి నట్లు విప్పే పానా ఎందుకమ్మా అని అడిగాను.

"నట్లకి కాదు బాబాయ్," అంది. "మనుషులకి."

మొదటి రోజే చెయ్యి చేసుకుంది. కంప్యూటరు గదిలోంచి తల బయటపెట్టి, "ఇక్కడ ఏ వర్షన్ ఉందో ఎవరికన్నా తెలుసా?" అని అరిచింది. మర చప్పుడులో మా హమాలీకి 'ఏం వరుస' అని వినపడింది. పాపం, మర్యాదగానే చెప్పాడు.

"ముందు మీ ఇంటిపేరు చెప్పుర్రి మేడం, వరుస నేను చెప్త."

చెంప పగిలింది. వాడు మూటల మీద పడ్డాడు. అందరూ లేచారు. నేను పరుగెత్తి పోయి, అమ్మా, వాడు ఎగతాళి చేయలేదు, నిజంగా అట్లనే వినపడ్డది అని చెప్పాను. ఆమె తప్పైందని అనలేదు. వాడి ముందుకు పోయి చెంప చూపించింది.

"నువ్వు ఒకటి కొట్టు. చెల్లుకి చెల్లు."

"వద్దు మేడం."

"కొడతావా, ఇంకోటి తింటావా?"

వాడు వేళ్ళతో అట్లా తాకించాడు. "ఇది కొట్టడమా? బువ్వ తినలేదా పొద్దున?" అని మళ్ళీ కోపమొచ్చింది ఆమెకు. వాడు గట్టిగా కొట్టిందాకా కదలలేదు. ముక్కులోంచి నెత్తురొచ్చింది. చున్నీకి తుడుచుకుని పోయి పనిలో కూర్చుంది.

ఆ సాయంత్రం నాకు చెప్పింది, వర్షన్ అంటే లైబ్రరీకి ఉండే నంబరని. లైబ్రరీ అంటే నేను పుస్తకాల గది అనుకున్నాను. నాకు అక్షరాలు వచ్చిందే జుట్టు నెరిసినాక, మా వాడకట్టులో పెద్దల బడి పెట్టినప్పుడు. అందుకని ఆ మాట మీద నాకు గౌరవం. ఆమె నవ్వింది.

"ఆ లైబ్రరీ కాదు బాబాయ్. నా ప్రోగ్రాం నేను రాశా. వాల్వులు తిప్పే ముక్క మాత్రం ఆ వాల్వుల కంపెనీ వాళ్ళు రాసి ఇచ్చారు. దాన్ని లైబ్రరీ అంటారు. నేను మాటతో చెప్తా, అది చేత్తో చేసుద్ది. కానీ ఆళ్ళు ఊరుకోరు, దాన్ని మారుస్తానే ఉంటారు. మార్చినప్పుడల్లా నంబరు మారుద్ది. ఆ నంబరే వర్షన్."

"మారిస్తే ఏమైతది?"

"ఇప్పుడున్నదాంట్లో ఒకటి అని పంపితే వాల్వు మూసుకుంటది. రేపు ఆళ్ళకి బుద్ధి పుట్టి, ఒకటి అంటే తెరువు అని మార్చారనుకో. నా ప్రోగ్రాం లేవగానే చేసే మొదటి పనేంటి? అన్ని వాల్వులూ మూయించడం. లోపల మీ తమ్ముడుంటాడు కదా, అందుకు. అవతలున్నది ఎవరో అడక్కుండా ఒకటి అని పంపిందనుకో..."

మిగతాది నోటితో చెప్పలేదు. పక్కనున్న ఊక బుట్టను కాలితో తన్నింది. అది ఎగిరి కొలిమి నోట్లో పడి భగ్గుమంది.

"అందుకే ముందు అడిగిస్తా, నీ వర్షన్ ఎంత అని. తెలిసిన నంబరైతే మాట కలుపుద్ది. లేకపోతే నోరు మూసుకుని కూర్చుంటది."

"అంటే వరుస అడుగుతదన్నమాట."

"అదే," అంది. ఆ మాట ఆమెకు నచ్చింది. లోపలికి పోయి ఏదో మార్చి వచ్చింది. మర్నాటి నుంచి కంప్యూటరు పెట్టగానే మొదట ఆకుపచ్చ అక్షరాల్లో తెలుగులో పడేది: వరుస కుదిరింది. కంప్యూటరు మీద నేను కూడబలుక్కుని చదివిన మొదటి ముక్క అది. కుదరకపోతే ఎర్రగా 'వరుస కుదరలేదు' అని పడి మిల్లు ఆగిపోతుందని చెప్పింది.

ఆమె మంచిదని నేను రాయను. ఆమెతో పని చేయడం నరకం. కీబోర్డులు పగలగొట్టేది. తన రాతలో తప్పు దొరికితే తన చెంప తనే వాయించుకునేది, గది బయటికి వినపడేట్టు. ఒక లారీ క్లీనరు ఈల వేస్తే మెడ పట్టి తీసుకుపోయి ఊక కుప్పలో తల ముంచింది. వాడు ఊపిరాడక కాళ్ళు కొట్టుకుంటుంటే మేమే లాగాం.

అన్నిటికంటే ఆమెకు పడని మాట 'లేటెస్ట్'. ఒకసారి డబ్బా మోయడానికి నన్ను సూర్యాపేటలో కంప్యూటరు షాపుకు తీసుకుపోయింది. షాపువాడిని అడిగింది, ఇందులో ఏ వర్షన్ వేశావని.

"లేటెస్టే మేడం," అన్నాడు వాడు, ఫోనులోంచి తల ఎత్తకుండా.

"నంబరు చెప్పు."

"లేటెస్ట్ అంటున్న గదా."

"నీ ఊరేదంటే 'దగ్గరే' అంటావా? నీ అయ్యెవరంటే 'పక్కింటాయనే' అంటావా?"

వాడు లేచాడు. అయ్య మాటకు ఎవడైనా లేస్తాడు. ఆమె బల్ల అంచు పట్టి ఒక్క ఎత్తు ఎత్తింది. స్క్రీన్లు, వైర్లు, వాడి టిఫిను డబ్బా అన్నీ వాడి కాళ్ళ మీద పడ్డాయి. గాజు పెంకు వాడి పిక్కలో దిగింది. నెత్తురు చూసి నేను ఆమె చెయ్యి పట్టి బయటికి లాగితే నన్ను కూడా మోచేత్తో పొడిచింది. పక్కటెముక వారం నొచ్చింది.

తిరుగు బస్సులో ధైర్యం చేసి అడిగాను. "అమ్మా, మీ ఆయన గూడ కొట్టెటోడంట గదా, నిజమేనా?"

"కొట్టాడు," అంది కిటికీలోంచి చూస్తూ. "ఒక్కసారే."

మళ్ళీ అడగలేదు.

ఇక ఆ రోజు సంగతి. యాసంగి కోతల కాలం. వడ్ల లారీలు మిల్లు గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా నిలబడ్డాయి. ముందు రోజు ఉరిమి మెరిసి కంప్యూటరు కాలిపోయింది. సేటు బామ్మర్ది మిల్లు చూసుకునేవాడు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. సూర్యాపేట షాపువాడినే పిలిచి కొత్త కంప్యూటరు పెట్టించాడు. వాడు అందులో లేటెస్ట్ వేశాడు. ప్రోగ్రాం లేచి, 'వరుస కుదరలేదు' అని ఎర్రగా చూపించి కూర్చుంది.

"మేడంను పిలుద్దాం," అన్నాను నేను.

"ఆమె వస్తే ముందు తిట్టాలె, తర్వాత కొట్టాలె, ఆఖరికి పని. అంత టైం లేదు కాకా," అన్నాడు బామ్మర్ది. ఇందులో ఆమె తప్పు కూడా ఉంది. ఆమె చేతికి భయపడి ఆమెను పిలవలేదు.

షాపువాడు తెర మీద వేలు పెట్టి చూపించాడు. "గీ ఒక్క లైనే అన్న, అడ్డం పడుతున్నది. తీసేస్తే ఖతం." తీసేశాడు. ఇంకేదో బండి పని ఉందని పోయాడు.

నేను బాయిలరులో ఆవిరి నిండుగా చేసి పెట్టి, గేటు దగ్గర బండి మీద చాయ్ తాగుతున్నాను. లింగయ్య ట్యాంకులో దిగి ఉన్నాడు. అప్పుడే హుజూర్‌నగర్ వైపు నుంచి ఆమె స్కూటీ వచ్చి ఆగింది. వేరే మిల్లుకు పోతూ చాయ్ కోసం ఆగింది, అంతే.

"ఏంటి బాబాయ్, ఇన్ని లారీలు నిలబడ్డాయి? మిల్లు ఆగిందా?"

"పొద్దటిసంది ఆగింది. ఇప్పుడు లేపుతుండ్రు. కొత్త కంప్యూటర్ పెట్టిన్రు."

"వరుస కుదిరిందా?"

"కుదిరిందని రాలే, కుదరలేదని రాలే. ఆ లైనే తీసేసిండు షాపోడు."

చాయ్ గ్లాసు ఆమె చేతిలోనే ఆగింది. "ట్యాంకుల్లో ఎవరన్నా ఉన్నారా?"

"లింగడున్నడు."

గ్లాసు నా కాళ్ళ దగ్గర పగిలింది. డిక్కీ తెరిచింది, పానా తీసింది, పరుగెత్తింది. అంత లావు మనిషి అట్లా పరుగెత్తగలదని నాకు తెలియదు. వెనకే నేను.

గదిలో బామ్మర్ది కుర్చీలో ముందుకు వంగి ఉన్నాడు. కుడిచెయ్యి కీబోర్డు మీద ఉంది. లోపల మనిషి ఉన్నాడని వాడికి తెలుసు. బటను నొక్కితే ముందు వాల్వులన్నీ మూసుకుంటాయి కదా, లింగయ్యకు మంచిదే అనుకుంటున్నాడు.

ఆమె ఆగమని అరవలేదు. అరిస్తే వాడు తల తిప్పి, వేలు మాత్రం నొక్కేవాడు. నేరుగా పోయి పానా ఎత్తి ఆ చేతి మీద దింపింది.

పచ్చి కట్టె విరిగిన చప్పుడు. వాడి కేక బాయిలరు చప్పుడును మించి వినపడింది. మూడు వేళ్ళు వెనక్కి తిరిగి ఉన్నాయి. వాడు నేల మీద దొర్లుతుంటే వాడి డ్రైవరు వెనక నుంచి వచ్చి ఆమె తల మీద కర్రతో కొట్టాడు. ఆమె బల్ల అంచుకు తగిలి పెదవి రెండుగా చీలింది. లేస్తూనే వాడి మోకాలి మీద కొట్టింది. వాడూ కూలబడ్డాడు.

"బాబాయ్, మీ తమ్ముణ్ణి బయటికి లాగు!"

నేను ట్యాంకు ఎక్కి, చెయ్యి పట్టి లాగితే లింగయ్య నన్నే తిట్టాడు. "ఏం లొల్లిరా అన్నా? పని చేసుకోనియ్యరా? నా రుమాలు లోపల్నే ఉండిపాయె."

సేటు వచ్చేసరికి అందరూ ఆమెను చుట్టుముట్టి ఉన్నారు. బామ్మర్ది చెయ్యి చూసి ఆయన ముఖం నల్లబడింది. "ఆడదానివని సూడ. ఈడనే నరికి ఊకల పెడ్త. పోలీసులకు ఫోన్ కొట్టిన."

"నరుకు సేటూ. ముందు ఇది నొక్కు," అంది ఆమె. నెత్తురు గడ్డం మీద నుంచి కారుతోంది. "ట్యాంకులు ఖాళీగా ఉన్నాయి, లింగయ్య ఇక్కడున్నాడు. నీ చేత్తో నువ్వే నొక్కు."

సేటు నొక్కాడు.

ఒక్కసారిగా అన్ని ట్యాంకుల్లోకీ ఆవిరి దూకింది. మూతలు ఎగిరి రేకుల కప్పుకు కొట్టుకున్నాయి. నేల అదిరింది. హమాలీలు చెల్లాచెదురయ్యారు. నేను తెల్లటి పొగలో తడుముకుంటూ పోయి బాయిలరు దగ్గర పెద్ద వాల్వు చేత్తో తిప్పి కట్టేశాను. అరచేతుల తోలు చక్రానికే అంటుకుంది.

ఆవిరి తగ్గినాక ఒకడు కొక్కెంతో లింగయ్య రుమాలు పైకి తీశాడు. పొగలు కక్కుతోంది. లింగయ్య దాన్ని చూశాడు, ట్యాంకును చూశాడు.

మొదట తేరుకున్నది సేటే. మనిషి వ్యాపారస్తుడు.

"సరే, తెల్సింది గదా తిరగబడ్డదని. ఇగ మూయాల్నంటే తెరువు నొక్కుర్రి, తెర్వాల్నంటే మూయి నొక్కుర్రి. గుర్తు పెట్టుకుంటే అయిపాయె. బయట లారీలున్నయి, నడిపియ్యుర్రి."

ఆమె నవ్వింది. చీలిన పెదవితో ఆ నవ్వు చూడరానట్టుంది. కుర్చీ లాక్కుని కూర్చుని, పానా ఒళ్ళో పెట్టుకుని, తీసేసిన లైను మళ్ళీ రాసింది. నెత్తురు చుక్కలు బటన్ల మధ్యలో పడుతున్నాయి. దగ్గరికి ఎవడూ పోలేదు. తెర మీద ఎర్రగా పడింది: వరుస కుదరలేదు. మిల్లు నిలిచిపోయింది.

పోలీసు జీపు వచ్చింది. కానిస్టేబులు బామ్మర్ది చెయ్యి చూసి నాలుక కరుచుకున్నాడు.

"ఎవరమ్మా కొట్టింది?"

"నేనే."

"ఎందుకు?"

"అడగాల్సింది అడగలేదు," అంది. ఆయనకు అర్థం కాలేదు. పానా గుంజుకుని జీపు ఎక్కించాడు. వెనక సీట్లో ఒక్కతే కూర్చుంది.

జీపు ఇంకా కదలలేదు. సేటు లింగయ్య వైపు తిరిగాడు. "లింగా, నిలబడ్డవేంది? అడుగున ఇంకింత మిగిలింది గదరా. చల్లారినాక దిగి గీకెయ్యి. ఇంకోణ్ణి పిలిపిచ్చి ఆ లైను తీపిస్త."

నా తమ్ముడు చిన్నప్పటి నుంచి ఎవరి మీదా చెయ్యెత్తిన వాడు కాదు. సేటు ఏది చెప్పినా వాడి నోట్లోంచి వచ్చేది 'అట్లనే సేటు' అన్న ఒక్క మాట. ఆ రోజు ఆ మాట రాలేదు. నడుచుకుంటూ పోయి జీపు ఎక్కి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"నువ్వెందుకెక్కినవ్‌రా? దిగు," అన్నాడు కానిస్టేబులు.

"నేను గూడ కొట్టిన సార్."

"నువ్వా? ఎవర్ని?"

అబద్ధం లింగయ్యకు అలవాటు లేదు.

"నువ్వు కొట్టినవని ఒక్కడన్న చెప్పిండారా ఈడ? దిగు, పరేషాన్ చేయకు."

"జర ఆగుర్రి సార్," అన్నాడు లింగయ్య. దిగాడు. గుంపు జరిగి దారిచ్చింది, పనిలోకి పోతున్నాడనుకుని. సేటు కూడా అట్లనే అనుకున్నాడేమో, పక్కకు తప్పుకుంటున్నాడు. వడ్లు గీకి గీకి కాయలు కాచిన చేత్తో లింగయ్య ఆయన చెంప మీద కొట్టాడు. కళ్ళద్దాలు ఎగిరి వడ్ల కుప్పలో పడ్డాయి. సేటు అక్కడే చతికిలబడ్డాడు.

లింగయ్య వెనక్కి తిరిగి వచ్చి జీపు ఎక్కాడు.

"ఇగ పోనీయుర్రి సార్," అన్నాడు.

ఆమె పెదవికి చున్నీ అదుముకుని, కాస్త జరిగి వాడికి చోటిచ్చింది.